తెడ్డు పట్టడం ఎవరికి ఎలా నేర్పాలి: కయాక్ శిక్షకులకు సమగ్ర మార్గదర్శి

కయాక్ అంటే సన్నగా పొడుగ్గా ఉండే చిన్న పడవ, తెడ్డుకు రెండు చివర్లా వెడల్పాటి పలక, అంటే బ్లేడు, ఉంటుంది. దాన్ని నడపమని పది మందికి ఒకే మాట చెప్తాం. నలుగురు చక్కగా తెడ్డేసుకుంటూ పోతారు. ముగ్గురి కయాక్ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. ఇద్దరు పావుగంటకే భుజాలు పట్టేశాయంటారు. ఒకరైతే ఒడ్డే దిగరు. తెలంగాణలో డిండి, కోయిల్‌సాగర్ జలాశయాలు, కృష్ణ ఒడ్డున సోమశిల వైపు పిల్లలకు నేర్పాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఈ ఆరుగురి సంగతే.

కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారని శిక్షణ తరగతుల్లో చెప్తారు. పిల్లల చేత కాగితం మీద టిక్కులు పెట్టించి, నువ్వు చూపు రకం, నువ్వు వినికిడి రకం అని విడగొట్టేవాళ్లూ ఉన్నారు. నేనూ కొన్నాళ్లు అట్లాగే చేసి మానేశాను. 2008లో నలుగురు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టి, రకానికి తగ్గట్టు పాఠం చెప్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. నీళ్ల మీద నాకు కనిపించిందీ అదే. ఒకే అమ్మాయి తెడ్డు పట్టడం చూసి నేర్చుకుంటుంది, తిప్పడం చేసి నేర్చుకుంటుంది, ఆపడం ఒక్క మాటతో పట్టేస్తుంది.

అందుకని ప్రతి మెట్టునూ నాలుగు తీర్ల చెప్పడానికి సిద్ధంగా ఉండండి: చూపించి, మాటతో, చేయి పట్టి చేయించి, ఎందుకో వివరించి. ఏది ఎక్కుతుందో ఆ పిల్లలే చూపిస్తారు.

1. ముందు నీళ్లు, గాలి, చోటు

టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఏ తీరుగా చెప్పినా ఎక్కదు. చోటు సరిగ్గా ఎంచుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

నడుము లోతు నీళ్లు, గట్టి నేల, ఒడ్డుకు కనీసం యాభై మీటర్ల మేర ఖాళీ ఉన్న మూల చూసుకోండి. తూము, అలుగు దగ్గరికి అస్సలు పోవద్దు. తూము దగ్గర పైకి నీళ్లు కదలనట్టే ఉంటాయి, కిందనుంచి లాగుతాయి. డ్యామ్ గేట్ల కింది వైపు నది ఎంత ప్రశాంతంగా ఉన్నా అది నేర్పే చోటు కాదు.

పెద్ద జలాశయాల్లో నీటిమట్టం పేపర్లో చూసి పోండి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. మట్టం బాగా తగ్గితే పోయిన నెల మీరు పడవ దించిన చోట మోకాలి లోతు ఒండ్రు ఉంటుంది, చెట్ల మోడులు తేలి ఉంటాయి. వారం కింద బాగుంది కదా అని పిల్లలను తీసుకుపోయి, అందరినీ బురదలోంచి ఒక్కొక్కరిగా లాక్కొచ్చిన రోజు నాకు ఉంది.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా పాఠం, ఆ తర్వాత సర్దుకోవడమే. మిరుగం వచ్చిందంటే పడమటి గాలి పట్టుకుంటుంది, పది దాటితే వెడల్పు నీళ్ల మీద అలలు లేస్తాయి. గాలి ఒడ్డు నుంచి నీళ్ల లోపలికి తోసే వైపు కొత్తవాళ్లను దించకండి. ఉరుము వినిపిస్తే వెంటనే అందరూ బయటికి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగొద్దు.

వెళ్లే ముందు చూసుకోవాల్సినవి:

- నీటిపారుదల శాఖ అనుమతి. అమ్రాబాద్ అడవి వైపైతే అటవీ శాఖ అనుమతి కూడా.
- అక్కడి మత్స్యకారులతో మాట. వలలు ఎక్కడ కట్టారు, గుండ్లు ఎక్కడ ఉన్నాయి, మొసళ్లు కనిపించాయా అన్నది వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కృష్ణలో మొసళ్లున్నాయి, ఈ ప్రశ్న మరవొద్దు.
- ఒక్క శిక్షకుడికి ఆరుగురికి మించి వద్దు. ఒడ్డున ఇంకో పెద్ద మనిషి, చేతిలో విసిరే తాడు.
- ఫోన్లన్నీ ఒక డబ్బాలో, ఆ డబ్బా ఒడ్డున. సెల్ఫీ పాఠం అయ్యాకే.

2. సామాను మనిషికి సరిపోవాలి

అర్థం కావట్లేదు అనుకున్న పిల్లల్లో చాలామందికి అసలు ఇబ్బంది తెడ్డు పొడవు. పెద్దవాళ్లకు 220 నుంచి 230 సెంటీమీటర్లు, పదేళ్ల వాళ్లకు 180 నుంచి 200 మధ్య ఉంటే చేతులు సుఖంగా ఉంటాయి. మొదటి రోజుకు పైన కూర్చునే రకం కయాకే మంచిది. బోల్తా పడితే మనిషి లోపల ఇరుక్కోడు.

లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా లేచిందంటే వదులు, మళ్లీ బిగించాలి. ఈత వచ్చు సార్ అన్నవాళ్లకూ ఇదే. మన ఊళ్లలో బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు ధైర్యం ఎక్కువ. బావికి గట్టు నాలుగు బారల్లో ఉంటుంది, చెరువుకు ఉండదు.

జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి కాళ్లు కదలనివ్వదు. చున్నీ నడుముకు కూడా కట్టొద్దు, ఒడ్డునే పెట్టించండి. కళ్లజోడుకు వెనక తాడు. వెనక పట్టీ లేని చెప్పులు తేలి పోతాయి, వాటి వెనక పిల్లలు పోతారు.

3. మొదటి పది నిమిషాలు నోరు మూసుకోండి

ఇది నాకే కష్టమైన మెట్టు. ఒడ్డు మీద తెడ్లు పెట్టి, తలా ఒకటి తీసుకోమని చెప్పి, పక్కన నిలబడి చూడండి.

ఒకడు తీసుకోగానే కర్రసాములా తిప్పుతాడు. వాడికి ముందు చేతులు కదలాలి, మాట తర్వాత. ఒకమ్మాయి తెడ్డు పట్టుకోదు, పక్కవాళ్లు ఎలా పట్టుకున్నారో చూస్తుంది. ఇంకొకరు నేరుగా మీ దగ్గరికొచ్చి "సార్, ఈ బ్లేడు ఒక పక్క ఎందుకు పెద్దగుంది?" అని అడుగుతారు. వాళ్లకు కారణం చెప్పకుండా పని చెప్తే మనసు ఆ ప్రశ్న మీదే ఉంటుంది.

చిన్న నోట్‌బుక్‌లో పేరు పక్కన ఒక్క మాట రాసుకోండి: "చేతులు ముందు", "చూస్తుంది", "ఎందుకు". మొదటి ఊహ కోసమే ఇది, పెన్సిల్‌తో రాయండి. మధ్యాహ్నానికి సగం కొట్టేస్తారు.

ఈ పది నిమిషాల్లోనే ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మూడు సంగతులు అడగండి, గుంపులో అడిగితే నిజం రాదు:

- ఈత వచ్చా? ఎక్కడ నేర్చుకున్నారు?
- నీళ్లలో ఎప్పుడైనా భయపడ్డారా?
- భుజం నొప్పి, ఆయాసం, ఫిట్స్ లాంటివి ఉన్నాయా? మందులు వాడుతున్నారా?

4. ఒడ్డు మీద తెడ్డు

తెడ్డును నెత్తి మీద అడ్డంగా పెట్టుకోమనండి. మోచేతులు గోడ మూలలా మడతపడే దాకా చేతులు జరపాలి. అక్కడ చేతుల పక్కన రంగు టేపు చుట్టండి, ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ. ఇక "చేతులు దగ్గరికొచ్చాయి" అని అరవాల్సిన పని ఉండదు, టేపు చూసుకుని వాళ్లే సర్దుకుంటారు.

బ్లేడు లోతుగా ఉన్న ముఖం మన వైపు, పొడవుగా ఉన్న అంచు పైకి. "అన్నం వడ్డించే గరిటె బోర్లా పట్టుకుంటామా?" అంటే చిన్నపిల్లలకు చాలు. ఎందుకు అని అడిగేవాళ్లకు: బ్లేడు నీళ్లలోకి ఏటవాలుగా దిగుతుంది, పై అంచు పొడవుగా ఉంటేనే రెండు సగాల మీదా నీటి తోపుడు సమానంగా పడుతుంది, తెడ్డు చేతిలో మెలిపడదు.

కుడి ఎడమలు తారుమారయ్యేవాళ్లు ప్రతి బ్యాచిలో ఉంటారు, పెద్దవాళ్లలో కూడా. ఎడమ మణికట్టుకు దస్తీ కట్టి, "దస్తీ పక్క", "ఖాళీ పక్క" అనండి. వ్యవసాయం చేసే ఒక పెద్దాయనకు దాపటి, వలపటి అని చెప్తే ఒక్కసారికే కుదిరింది. ఎడ్ల జత ఆయన ఒంట్లో ఉంది మరి.

5. ముందు పడటం, తర్వాత పోవడం

చాలామంది దీన్ని చివరికి పెడతారు. పడితే ఏమవుతుందో తెలియని మనిషి కయాక్ అంచులు గట్టిగా పట్టుకుని కూర్చుంటాడు, తెడ్డు మీద ధ్యాస ఉండదు.

నడుము లోతు నీళ్లలో మీరు పడి చూపించండి. తర్వాత వరస ఇది:

1. తెడ్డు వదలకుండా పడవను పట్టుకోవాలి. పడవ వదిలి ఒడ్డుకు ఈదొద్దు.
2. బోర్లాపడితే అవతలి అంచు అందుకుని ఇవతలికి లాగి తిప్పాలి.
3. పక్కనుంచి, కూర్చునే చోటుకు ఎదురుగా నిలబడి, కాళ్లు నీటి పైకి వచ్చేట్టు తన్నుతూ పొట్ట మీద ఎక్కాలి.
4. వెల్లకిలా దొర్లి సీట్లో పిర్ర ఆనించాలి. కాళ్లు చివర్న లోపలికి.

మాటతో నేర్చుకునేవాళ్లకు మూడే మాటలు: "పొట్ట, పిర్ర, కాళ్లు." పిల్లలు నవ్వుతారు, నవ్వినందుకే మరిచిపోరు. చూసేవాళ్లకు ఇంకొకరు ఎక్కడాన్ని పక్క నుంచి చూపించండి, ముందు నుంచి చూస్తే కాళ్లు తన్నడం కనబడదు. చేసి నేర్చుకునేవాళ్లను మూడుసార్లు పడనివ్వండి, మధ్యలో ఏమీ చెప్పకండి.

భయపడేవాళ్లను తోసి పడేస్తే భయం పోతుందని కొందరంటారు. పోదు, రెండో రోజు మనిషే రాడు. అట్లాంటివాళ్లు ముందు జాకెట్ మీద తేలడం చూసుకోనివ్వండి, తర్వాత కయాక్ పక్కన పట్టుకుని నిలబడటం, తర్వాత కాళ్లు నేలకు అందే చోట కూర్చోవడం. పడటం వాళ్లు అడిగినప్పుడే.

6. ముందుకు తెడ్డేయడం: ఒకే పని, నాలుగు తీర్లు

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. చేయించాల్సింది ఇంతే: బ్లేడు పాదాల పక్కన పూర్తిగా మునగాలి, పడవకు దగ్గరగా వెనక్కి రావాలి, నడుము దగ్గర బయటికి రావాలి, బలం నడుము తిరగడం నుంచి రావాలి. చేతులతో లాగితే పావుగంటలో అలిసిపోతారు.

చూపించడం. మీరు ఎదురుగా కూర్చుని చూపిస్తే కుడి ఎడమలు అద్దంలోలా కనబడి గందరగోళం అవుతుంది. వాళ్ల ముందు, వాళ్లకు వీపు పెట్టి కూర్చోండి. మూడుసార్లు మెల్లగా వేయండి, ఒక్క మాటా వద్దు. నాలుగోసారి "ఇప్పుడు నా వీపు చూడండి" అనండి. అప్పటిదాకా అందరూ బ్లేడు చూసి ఉంటారు.

మాట. మాట పొట్టిగా ఉండాలి, తెడ్డు పడే లయలో ఉండాలి. నేను వాడేది "పాదం... నడుం, పాదం... నడుం". కోలాటం ఆడిన పిల్లలకు కోలల దెబ్బ లాగా లెక్క పెట్టమంటే కుడి ఎడమలు సమానంగా పడతాయి. ఒకేసారి రెండు తప్పులు చెప్పొద్దు. "భుజం తిప్పు, మోచేయి చాపు, ముందుకు చూడు" అని ఒకే ఊపిరిలో అరిస్తే ఆ మనిషి మూడూ వదిలేసి మీ మొహం చూస్తాడు.

చేయించడం. కయాక్‌ను ఒడ్డు మీద పెట్టి కూర్చోబెట్టండి. వెనక నిలబడి మీరూ అదే తెడ్డు పట్టుకుని, ఇద్దరూ కలిసి పదిసార్లు వేయండి. ముట్టుకునే ముందు అడగండి, అమ్మాయిలకైతే అమ్మాయే చేయించడం మేలు. నీళ్లలోకి దిగాక ఒక అభ్యాసం ఉంది: మోచేతులు మడవకుండా, చేతులు చాచే ఉంచి ఇరవై తెడ్లు వేయమనండి. చేతులు మడవడానికి లేదు కాబట్టి నడుమే తిరగాలి. చూడటానికి బొమ్మలా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది.

ఎందుకో చెప్పడం. బ్లేడును నీళ్లలో ఒకచోట పాతిన గుంజ అనుకోమనండి. గుంజ కదలదు, దాన్ని పట్టుకుని పడవను మనం ముందుకు లాక్కుంటున్నాం. నడుము దాటాక బ్లేడు నీళ్లను పైకి ఎత్తుతుంది, బలం దండగ. పడవకు దూరంగా వేస్తే ముక్కు పక్కకు తిరుగుతుంది. ఈ మూడు వాక్యాలు చాలు, వేగాల లెక్కలు వద్దు.

ఇంటర్ చదివే ఒకబ్బాయికి నేను ఇరవై నిమిషాలు "భుజాలు తిప్పు" అని చెప్పాను. చూపించాను, వెనక కూర్చుని చేయించాను. వాడు తలూపుతూనే చేతులతో లాగుతున్నాడు. విసుగొచ్చి ఒడ్డుకు పిలిచాను. టీ తాగుతూ మాటల్లో వాళ్లమ్మ ఇంట్లో చల్ల చేస్తుందని చెప్పాడు. కవ్వానికి తాడు చుట్టి చిలికేటప్పుడు ఆమె చేతులు ఎలా ఉంటాయో చూపించమన్నాను. గ్లాసు కింద పెట్టి, గాలిలో తాడు పట్టుకుని చూపించాడు: ఒక చేయి వెనక్కి వస్తుంటే ఇంకోటి ముందుకు పోతోంది, నడుము పైభాగం మొత్తం ఊగుతోంది. "అదే ఇక్కడ చెయ్" అన్నాను. మరుసటి తెడ్డుకే భుజం తిరిగింది. ఇరవై నిమిషాలు వాడికి రానిది పాఠమా, నాకు రానిది మాటా అని ఆ రోజంతా అనుకున్నాను.

అప్పటినుంచి ప్రతి బ్యాచినీ ఇంట్లో ఏం పనులు చేస్తారో ముందే అడుగుతున్నాను. ఇసుర్రాయి, పార, చేద, క్రికెట్ బ్యాటు, ఏదో ఒకటి దొరుకుతుంది.

పుట్టి నడిపిన చెయ్యి అయితే జాగ్రత్త. పుట్టిలో తెడ్డు ముందువైపు వేసి తమ వైపు లాక్కుంటారు. ఆ అలవాటుతో కయాక్ ముక్కు దగ్గర లాగితే పడవ పక్కకు తిరుగుతుంది. వాళ్లకు తెడ్డు కొత్తగా నేర్పినట్టు మాట్లాడకండి, చిన్నతనం అనుకుంటారు. "పుట్టి గుండ్రం, ఇది పొడుగు, దీనికి తెడ్డు పక్కన పడాలి" అంటే చాలు. నీళ్లు చదవడంలో వాళ్లే మనకు గురువులు.

7. తిప్పడం, ఆపడం

ఇవి త్వరగానే వస్తాయి. తిప్పడానికి బ్లేడును పాదాల దగ్గర ముంచి, పడవకు దూరంగా పెద్ద అర్ధచంద్రంలా వెనక దాకా తేవాలి. కుడి పక్క వేస్తే ముక్కు ఎడమకు పోతుంది. ఇక్కడే కొత్తవాళ్లు తికమక పడతారు. పడవ దారి తప్పినప్పుడు సరిచేసుకోవడానికి నియమం ఒక్కటే ఇవ్వండి: "ముక్కు ఏ పక్కకు తప్పుతోందో ఆ పక్కే వెడల్పుగా వెయ్యి, మళ్లీ నేరుగా వస్తుంది."

చూసేవాళ్లకు ఒడ్డు ఇసుక మీద కర్రతో ఆ అర్ధచంద్రం గీయండి. చేసేవాళ్లకు రెండు ఖాళీ నీళ్ల క్యాన్లు తేలగట్టి, వాటి చుట్టూ ఎనిమిది అంకె వేయమనండి.

ఆపడానికి కుడి, ఎడమ, కుడి, ఎడమ వెనక్కి నాలుగు చిన్న తోపుళ్లు. ఒకే పక్క గట్టిగా తోస్తే పడవ గిర్రున తిరుగుతుంది, ఆగదు.

8. తరచూ కనిపించే తప్పులు, వాటికి మందు

- పడవ పాములా పోతోంది. బ్లేడు వైపు చూస్తున్నారు. అవతలి కట్ట మీద ఒక తాటిచెట్టు చూపించి, ముక్కు దాని మీదే ఉంచమనండి.
- ఒకే వైపు తిరుగుతోంది. ముందు తెడ్డు తిరగబడిందేమో, ఒక చేయి టేపు వదిలి జరిగిందేమో చూడండి. గాలిని ఆ తర్వాత అనుమానించండి.
- నీళ్లు ఒళ్లో పడుతున్నాయి. పై చేయి నెత్తి కంటే పైకి పోతోంది. గడ్డం ఎత్తు దాటొద్దని చెప్పండి.
- వేళ్లు బొబ్బలు. పట్టు బిగిస్తున్నారు. ముందుకు తోసే చేతి వేళ్లు తెరిచి, అరచేతితోనే తోయమనండి.
- వీపు వెనక్కి వాలింది. కాళ్లకు ఆనిక లేదు. మోకాళ్లు కొంచెం మడతలో ఉండేట్టు పాదాల ఆనిక దగ్గరికి జరపండి. ఎన్నిసార్లు చెప్పినా భుజం తిరగని వాళ్లలో కొందరికి ఇదే కారణం.

ఒక మాట మూడుసార్లు చెప్పినా ఎక్కకపోతే నాలుగోసారి అదే మాట గట్టిగా చెప్పకండి, తీరు మార్చండి. చూపించింది చాలకపోతే చేయించండి, చేయించింది చాలకపోతే కారణం చెప్పండి. ఏదీ కుదరకపోతే ఐదు నిమిషాలు వదిలేసి ఆటలాడించండి. మధ్యలో ఒక్కోసారి దానంతటదే వచ్చేస్తుంది.

9. కొందరికి వేరేగా

వినపడని పిల్లలకు పాఠం మొత్తం ఒడ్డు మీదే పూర్తి చేయండి, నీళ్ల మీద సైగలే. తెడ్డు నెత్తి మీద అడ్డంగా పట్టుకుంటే ఆగు. నిలువుగా ఎత్తితే నా దగ్గరికి రా. అటూ ఇటూ ఊపితే సాయం కావాలి. అసలు ఈ సైగలు అందరికీ నేర్పాలి, గాలి లేస్తే చెవులున్నవాళ్లకూ వినపడదు. విజిల్ మూడుసార్లు ఊదితే ప్రమాదం అని కూడా చెప్పండి.

నలభై దాటినవాళ్లు అందరి ముందు తప్పు చేయడానికి సిగ్గుపడతారు. వాళ్ల తప్పు దగ్గరికి పోయి మెల్లగా చెప్పండి, గుంపులో పేరు పెట్టి పిలవకండి. "అన్నా, ఒక్కసారి ఇటు రా" అంటే చాలు.

దూకుడు పిల్లవాడిని ఆపడం కంటే పని అప్పజెప్పడం సులువు. క్యాన్లు తేవడం, చివర్న వచ్చేవాళ్లను లెక్కపెట్టడం వాడికివ్వండి. చివర్న ఉన్నానన్న సంగతే మరిచిపోతాడు.

10. మొదటి రోజు వరస

- 6:30 గాలి, నీళ్లు చూడటం. జాకెట్లు లాగి చూడటం.
- 6:45 నోరు మూసుకుని గమనించడం, పక్కకు పిలిచి అడగడం.
- 7:00 ఒడ్డు మీద తెడ్డు, సైగలు.
- 7:20 పడటం, ఎక్కడం.
- 7:50 ఒడ్డున విరామం. ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు.
- 8:00 ముందుకు తెడ్డు, ఒక్కొక్కరి దగ్గర రెండు నిమిషాలు.
- 8:30 తిప్పడం, ఆపడం, క్యాన్ల చుట్టూ ఆట.
- 8:50 అందరూ బయటికి. తలలు, తెడ్లు, జాకెట్లు లెక్క.

సామాను ఎత్తేలోపు ఒక్కొక్కరినీ ఒకటే అడగండి: "ఈ రోజు ఏ మాట, ఏ పని దగ్గర నీకు దొరికింది?" వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి. నా దాంట్లో ఒక పేజీలో "కవ్వం" అని ఉంది, దాని కింద "గుంజ", "దస్తీ పక్క", "సార్ అరవనప్పుడు" అని ఉన్నాయి. మరుసటి బ్యాచికి బయల్దేరే ముందు ఆ పేజీ ఒకసారి తిరగేసుకుంటాను.